శిష్యరికం చర్చిలోనే కాదు, ఇంట్లో కూడా

"శిష్యరికం" అనే మాట మనం రోజూ వింటూనే ఉంటాం. ఫలానా ఆయన దగ్గర సంగీతంలో శిష్యరికం చేశాడంటారు. మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడిది శిష్యరికమే. పెళ్లిళ్లలో వంట మేస్త్రి వెనకాల గరిటె పట్టుకుని తిరిగే పిల్లాడిదీ శిష్యరికమే. కానీ చర్చిలోకి వచ్చేసరికి ఈ మాట ఎందుకో పన్నెండు మంది దగ్గరే ఆగిపోతుంది. శిష్యులంటే పేతురు, యోహాను, అంద్రెయ. మరి మనమో? మనం విశ్వాసులం, సంఘ సభ్యులం, ఫలానా చర్చి వాళ్ళం.

మొన్న స్త్రీల మైత్రి కూడికలో ఈ సంగతి మీద మాట్లాడమని నాకు అప్పగించారు. బైబిలు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక విషయం కొత్తగా కనిపించింది. కొత్త నిబంధన మొత్తంలో "క్రైస్తవుడు" అనే పదం మూడే మూడుసార్లు వస్తుంది. "శిష్యుడు" అనే పదం రెండు వందలసార్లు పైనే వస్తుంది. అపొస్తలుల కార్యాలు పదకొండో అధ్యాయంలో, అంతియొకయలో శిష్యుల్ని మొదటిసారి క్రైస్తవులు అని పిలిచారని ఉంది. అంటే ముందు వాళ్ళు శిష్యులు. క్రైస్తవులన్న పేరు ఆ తరవాత ఊరివాళ్ళు పెట్టింది. మనకేమో పేరు పుట్టుకతోనే వచ్చేసింది. బాప్తిస్మపు సర్టిఫికెట్టు బీరువాలో ఉంది. శిష్యరికం సంగతే తేలాలి.

గ్రీకు భాషలో ఆ పదానికి అర్థం "నేర్చుకునేవాడు" అని. వినేవాడూ కాదు, మెచ్చుకునేవాడూ కాదు, నేర్చుకునేవాడు.

నేర్చుకోవడం అంటే నాకు మా మేనమామే గుర్తొస్తాడు. ఆయన పాలకొల్లులో టైలరు. పద్నాలుగో ఏట ఒక మేస్త్రి దగ్గర చేరాడు. మొదటి ఏడాది కత్తెర ముట్టనివ్వలేదట. పొద్దున్నే కొట్టు ఊడవడం, బొగ్గుల ఇస్త్రీ పెట్టె రాజెయ్యడం, గుండీలు కుట్టడం, కాజాలు తియ్యడం. రెండో ఏడాది అంచులు మడవడం. మూడో ఏడాదికి గాని గుడ్డ మీద సుద్దతో గీత గియ్యనివ్వలేదు. "మేస్త్రి ఏం చెప్పేవాడు మావయ్యా?" అని అడిగితే, "చెప్పడం ఏముందే, పక్కన కూర్చుని ఆయన చెయ్యి చూడ్డమే" అనేవాడు. చివరికి ఆయన కత్తెర పట్టుకునే తీరు, పెదాల మధ్య సూది పెట్టుకునే అలవాటు కూడా మేస్త్రిదే వచ్చిందట. పాత ఖాతాదారులు ఆయన కుట్టిన చొక్కా కాలరు చూసి, "ఇది ఫలానా వాళ్ళ చెయ్యి" అని గుర్తుపట్టేవాళ్ళు.

యేసుప్రభువు కూడా తన వాళ్ళని "నన్ను వెంబడించు" అనే పిలిచాడు. నోటు పుస్తకం తెచ్చుకోమనలేదు. మూడేళ్లు ఆయనతో తిరిగారు, తిన్నారు, పడవలో భయపడ్డారు, ఆయన ఎవరి ఇంట్లో కూర్చుంటాడో, ఎవరిని ముట్టుకుంటాడో, కోపం ఎక్కడ తెచ్చుకుంటాడో కళ్ళారా చూశారు. చివరి రాత్రి నడుముకు తువ్వాలు కట్టుకుని వాళ్ళ కాళ్ళు కడిగాడు. ఆ చేతి వాటం మనకి వచ్చిందా, మనల్ని చూసి "ఇది ఆయన చెయ్యి" అని ఎవరైనా గుర్తుపడతారా అన్నదే ప్రశ్న.

ఈ మాట అంటే మా కూడికలో ఒకావిడ వెంటనే అన్నారు. "అవన్నీ పాస్టర్లకీ సేవకులకీ అమ్మా. పొద్దున్న అయిదింటికి లేచి రెండు క్యారేజీలు కట్టి, అత్తగారికి ఇన్సులిన్ ఇచ్చి, పిల్లల్ని బస్సెక్కించే దాన్ని, నేనెక్కడ వెంబడించను?"

ఆవిడకి నేను చెప్పింది తబితా గురించి. అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయంలో వస్తుంది. యొప్పే అనే రేవు పట్టణంలో ఉండేది. ఆమెకే దొర్కా అని ఇంకో పేరు. రెండు పేర్లకీ అర్థం ఒకటే, లేడి. కొత్త నిబంధనలో "శిష్యురాలు" అనే స్త్రీలింగ పదం వాడింది ఈమె ఒక్కదానికే! మగ్దలేనే మరియకి కాదు, మార్తకి కాదు. ఇంతకీ ఈమె ఏం చేసింది? ప్రసంగం చేసినట్టు లేదు, ఊళ్ళు తిరిగినట్టు లేదు. బట్టలు కుట్టింది. ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్ళంతా పేతురు చుట్టూ చేరి ఏడుస్తూ, ఆమె తమకి కుట్టిపెట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఒక మనిషి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మాటలు కాకుండా ఒంటి మీది బట్ట చూపించడం నాకు ఎన్నిసార్లు చదివినా గుండె బరువెక్కే సంగతి. పాత చర్చీల్లో ఆడవాళ్ళు బట్టలు కుట్టి పేదలకి పంచే సంఘాలకి డోర్కాస్ అని పేరు పెట్టుకునేది ఈమె వల్లే.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాను. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అని ఒక సన్యాసి ఉండేవాడు. అంతకుముందు సైనికుడు, కాలికి గాయమై కుంటేవాడు. మఠంలో చేరితే ఆయనకి దొరికిన పని వంటశాల. ఏళ్ళ తరబడి అక్కడే గిన్నెల మధ్య ఉన్నాడు. తరవాత చెప్పులు బాగుచేసే పని ఇచ్చారు. ప్రార్థన వేళకీ పని వేళకీ తేడా లేకుండా దేవుని సన్నిధిలో ఉండొచ్చన్నది ఆయన నేర్చుకున్న పాఠం. 1691లో ఆయన పోయాక ఆయన ఉత్తరాలు, మాటలు పుస్తకంగా వేస్తే, ఇప్పటికీ లోకమంతా చదువుతున్నారు.

అలాగని ఉప్మా కలిపితే శిష్యరికం అయిపోయిందని కాదు నేననేది. వంట అందరూ చేస్తారు. తబితా ఎవరికి కుట్టిందో చూడండి. తిరిగి ఏమీ ఇవ్వలేని విధవరాళ్ళకి. తేడా అక్కడుంది.

మా అత్తగారు పెద్దగా చదువుకోలేదు. బైబిలు మాత్రం కూడబలుక్కుని చదివేవారు. మాది ఒంగోలు వైపు కుటుంబం. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి టీ ఇవ్వాల్సి వస్తే, పక్కింటి వాళ్ళు చేసినట్టే గూట్లో ఒక గ్లాసు విడిగా పెడతారేమో అనుకున్నాను. అలాంటిదేం లేదు. మేం తాగే గ్లాసుల్లోనే, మా పక్కన పీట మీద కూర్చోబెట్టే ఇచ్చేవారు. ఎప్పుడో ఒకసారి ఎవరో చుట్టం మూతి విరిస్తే అత్తగారు ఒకటే మాటన్నారు. "బావిలో మనల్ని నీళ్ళు తోడుకోనివ్వని రోజులు మా నాన్నమ్మ చూసింది. ఆ దాహం మర్చిపోతే మనం చర్చికి పోయి ఏం లాభం?"

అది కథ కాదు. ఒంగోలు ప్రాంతంలో 1866 తరవాత మాదిగపల్లెల్లో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఆదివారం పని చెయ్యమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, ఊరి జాతరలో డప్పు కొట్టమన్నారు. అందుకు బావులు మూసుకుపోయాయి, కూలి పోయింది, దెబ్బలూ పడ్డాయి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది. అప్పుడు అక్కడున్న మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని చూపించాడు. పని ఇచ్చాడు, గింజలు ఇచ్చాడు, కానీ కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి వచ్చినవాళ్ళు వాళ్ళు. మా పెద్దల్లో కొందరు ఆ రోజుల వాళ్ళే అని అత్తగారు గర్వంగా చెప్పేవారు.

ఇప్పుడు మనకి బావి మూసేవాళ్ళు లేరు. కుళాయి ఇంట్లోనే ఉంది. మరి మన కాలానికి శిష్యరికం ఖరీదు ఎక్కడ కట్టాలి? మా ఇంట్లో ఆ సంగతి నిరుడు మా అబ్బాయి పెళ్లి మాటల్లో తేలింది.

మా వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ముప్పై నిండాయి. మంచి సంబంధం వచ్చింది. అమ్మాయి లెక్కల్లో ఎమ్మెస్సీ, తండ్రి బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన సంఘ పెద్ద కూడా. మధ్యవర్తి వచ్చి మా వరండాలో కూర్చుని, టీ తాగుతూ అన్నాడు. "మీరు ఒక్క మాట అడగక్కర్లేదు సార్. వాళ్ళే పదిహేను లక్షలు, ఊరి పక్కన ఒక స్థలం పెడతామంటున్నారు. కట్నం అనుకోకండి, కూతురికి కానుక."

కానుక! చర్చిలో సంచీ తిప్పేటప్పుడు అనే మాటే. కట్నం అంటే నోటికి చేదుగా ఉంటుందని మనవాళ్ళు దానికి దేవుడి మాట తొడిగారు. హిందువులైనా క్రైస్తవులైనా ఈ విషయంలో మన తెలుగువాళ్ళందరం ఒకటే ఊరివాళ్ళం. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. తీసుకున్నా, ఇచ్చినా, అడిగినా నేరమే. అడగకుండా ఇచ్చే పెళ్లి కానుకలకి వెసులుబాటు ఉంది గానీ, వాటికి జాబితా రాయాలి, అవి ఇచ్చేవారి తాహతుకి మించకూడదు. పెన్షను మీద బతికే మనిషికి పదిహేను లక్షలు తాహతుకి లోపలిదా?

కానీ మీకు మా ఇంటి లెక్క కూడా చెప్పాలి. 2009లో మా ఆడపడుచు పెళ్లికి మామగారు కుదిర్చిన కట్నం కోసం మా వారు సొసైటీలో అప్పు తీశారు. అది తీరక ముందే ఇంటి లోను. వడ్డీ మీద వడ్డీ, ఒకదానికి ఇంకొకటి. నెల మొదట్లో ఆయన పాస్‌బుక్కు ముందు కూర్చుంటే ఇంట్లో ఎవరం మాట్లాడం. ఇంకో రెండేళ్ళలో ఆయన రిటైర్మెంటు. పదిహేను లక్షలంటే ఆ పుస్తకం మూసెయ్యడమే.

ఆ రాత్రి మా వారు, "మనం అడగలేదు కదా. వాళ్ళ సంతోషం కొద్దీ ఇస్తున్నారు. కాదంటే వాళ్ళనే అవమానించినట్టు" అన్నారు. ఆయన దురాశాపరుడు కాదు. పద్దెనిమిదేళ్ళ కాపరంలో కాదు, ముప్పై రెండేళ్ళ కాపరంలో చూసి చెబుతున్నాను. అలిసిపోయిన మనిషి. నేను వాదించలేదు. "ఏవండీ, పదిరోజులు టైము అడుగుదాం, ప్రార్థన చేసుకుందాం" అన్నాను. మా వాడికి ఫోన్ చేస్తే వాడు, "నాకొద్దమ్మా. కానీ అప్పు కట్టేది నాన్న. నాన్నకి నీతులు చెప్పే హక్కు నాకెక్కడిది" అన్నాడు. వాడూ నెలకి కొంత పంపుతూనే ఉన్నాడు.

మా తోటికోడలు అక్కయ్య మాత్రం కుండబద్దలు కొట్టారు. "మనం ఇచ్చాం, మనకి వస్తుంది. లోకం నడిచేదే అలా." నిజానికి కట్నం ఇన్నేళ్లు బతికి ఉన్నది ఈ ఒక్క లెక్క మీదే. కూతురికి ఇచ్చినవాడు కొడుక్కి తీసుకుంటాడు. కొడుకు పెళ్లిలో తీసుకున్నదాని బరువు ఎక్కడో ఇంకో కూతురి తండ్రి మీద పడుతుంది. గొలుసులో ప్రతివాడికీ తన లింకు న్యాయంగానే కనిపిస్తుంది.

ఏడో రోజు మా ఆడపడుచు నెల్లూరు నుంచి దిగింది. మాటలు ఎవరు చేరేశారో తెలీదు. అన్నం తిన్నాక వాళ్ళన్నయ్య పక్కన కూర్చుంది. "అన్నయ్యా, నా పెళ్లయిన ఏడాది క్రిస్మస్‌కి వచ్చినప్పుడు రాత్రి రెండింటికి నువ్వు వరండాలో పచార్లు చేస్తుంటే చూశాను. నా వల్లే కదా అని నేను దుప్పట్లో ఏడ్చాను. ఆ పిల్ల కూడా వాళ్ళ నాన్నని అలాగే చూస్తుంది. చూసి మన ఇంటికొస్తుంది. వచ్చి నీకు అన్నం పెడుతుంది. నువ్వు తినగలవా?" అంది.

మా వారు చాలాసేపు ఏమీ అనలేదు. లేచి చెయ్యి కడుక్కుని, పాస్‌బుక్కు తీసి బీరువాలో పెట్టేశారు. మర్నాడు ఆయనే మధ్యవర్తికి ఫోన్ చేసి, "స్థలం వద్దు, డబ్బు వద్దు. పెళ్లి ఖర్చు చెరి సగం. అమ్మాయిని పంపిస్తే చాలు" అన్నారు.

ఇక్కడితో ఆపితే చర్చిలో చెప్పే సాక్ష్యంలా బాగుంటుంది. కానీ జరిగింది వేరు. అటువైపు వాళ్ళకి అనుమానం వచ్చింది. "ఏమీ వద్దంటున్నారంటే అబ్బాయిలో ఏదో లోపం ఉండి ఉంటుంది" అని వాకబు మొదలుపెట్టారు. వాడి ఆఫీసులో, అద్దెకుండే ఇంటి దగ్గర అడిగించారు. ఏమీ దొరక్కపోతే ఇంకా భయపడ్డారు. నెల తిరక్కుండా సంబంధం వెనక్కి పోయింది. అక్కయ్య నాతో మాట్లాడటం మానేశారు. వాళ్ళ చిన్నబ్బాయి పెళ్లిలో మా మాట రేటు తగ్గించేస్తుందని ఆవిడ బాధ.

లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టేవాడి గురించి చెప్పాడు. ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని. ఇంటి పద్దు రాసే ఆడదానికి ఆ ఉపమానం ఇట్టే అర్థమవుతుంది. ప్రభువు ఖర్చు ఉండదని చెప్పలేదు. లెక్క చూసుకుని రమ్మన్నాడు. జర్మనీలో బోన్‌హోఫర్ అనే పాస్టరు 1937లో శిష్యత్వం మీదే ఒక పుస్తకం రాశాడు. మనల్ని ఏమీ అడగని కృప చౌకబారు కృప అన్నది అందులో ఆయన వాదన. హిట్లర్‌ని ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరి తీశారు. ఆయన ఖర్చు ముందు మాది చిల్లర డబ్బులు. కానీ శిష్యరికంలో మావయ్య మొదట నేర్చుకున్నది కూడా సూటు కుట్టడం కాదు, కాజా తియ్యడం. చిన్న పనిలో చెయ్యి కుదరకుండా పెద్ద పని ఎవరూ అప్పగించరు.

కూడికలో చివరికి, "అయితే రోజూ ఏం చెయ్యాలి?" అని అడిగారు. మా ఇంట్లో చేసేవి చెప్పాను. పొద్దున్న పొయ్యి వెలిగించే ముందు సువార్తల్లోంచి ఒక్క సంఘటన చదువుతాను. అధ్యాయాలకి అధ్యాయాలు కాదు, ఒక్క సంఘటన. ఆ రోజంతా పనుల్లో దాన్నే నెమరేసుకుంటాను. పనిమనిషి జ్వరంతో నాగా పెడితే జీతం కొయ్యం. అప్పులున్నాయి కదా అని దశమభాగం ఆపం, అలాగని గొప్పకి ఎక్కువ వెయ్యం. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఎవరి మీద కోపం ఉందో వాళ్ళ పేరు పైకి చెప్పి ప్రార్థన చేస్తాం. అన్నిటికంటే కష్టం ఇదే. అక్కయ్య పేరు ఏడు నెలలుగా రోజూ వస్తోంది. మొదట్లో నా నోరు పెగిలేది కాదు. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి కూడా ప్రార్థన చెయ్యగలుగుతున్నాను. ఈస్టర్‌కి అరిసెలు పంపితే గిన్నె వెనక్కి వచ్చింది, కానీ ఖాళీగా రాలేదు. అందులో నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి.

క్యారేజీలు కట్టే ఆవిడ అంతా విని, "అత్తగారికి ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు విసుక్కోకుండా ఇస్తే అది లెక్కలోకొస్తుందా?" అని అడిగారు. వస్తుందనే నా నమ్మకం అన్నాను. ఆవిడ నవ్వి, "అయితే అదే మొదలుపెడతాను, అదే నాకు కాజా" అన్నారు.

మా అప్పు ఇంకా అలాగే ఉంది. మా వారు రిటైరయ్యాక ట్యూషన్లు చెబుతానంటున్నారు. మొన్న ఏలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఈసారి కట్నం వద్దన్న మాట ఫోటో పంపకముందే, కారణంతో సహా, మా వారు ఆ తండ్రికి ఫోనులో చెప్పేశారు. ఆయన కాసేపు ఆగి, "నాకు ఇంకో అమ్మాయి కూడా ఉందండీ" అని మాత్రం అన్నారట. తరవాత గొంతు సవరించుకుని, "రండి, మాట్లాడుకుందాం" అన్నారట. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరుతున్నాం.